ఒకే చేప, మూడు ప్రభుత్వాలు

సాంఘిక శాస్త్రం పుస్తకంలో ప్రభుత్వమంటే మెట్ల బొమ్మ. పైన కేంద్రం, మధ్యలో రాష్ట్రం, కింద పంచాయతీ. పరీక్ష రాయడానికి ఆ బొమ్మ చాలు. నెల్లూరు జిల్లా బోగోలు మండలం జువ్వలదిన్నెలో నిలబడి చూస్తే మాత్రం ఈ మూడూ ఒకదాని మీద ఒకటి కనబడవు. ఒడ్డు నుంచి సముద్రంలోకి వరసగా పరుచుకుని ఉంటాయి. పడవ ఎంత దూరంలో ఉందో తెలిస్తే అది ఎవరి ఏలుబడిలో ఉందో చెప్పెయ్యొచ్చు.

ఒడ్డునే మొదలుపెడదాం. జాలర్ల పాళెంలో వీధిదీపం, కుళాయి నీళ్లు, మురుగుకాలువ పంచాయతీ పనులు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాలను 29గా లెక్కగట్టింది. ఆ జాబితాలో అయిదోది మత్స్య పరిశ్రమ. అయితే అప్పగించడం, మానడం రాష్ట్రం ఇష్టం. అందువల్ల సముద్రంలో వేట గురించి సర్పంచిని నిలదీసి లాభం లేదు. వీధిదీపం గురించి తప్పకుండా అడగాలి.

పడవ నీళ్లలోకి దిగగానే రాష్ట్రం వస్తుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు చేపల వేటను రాష్ట్ర జాబితాలో 21వ అంశంగా పెట్టింది. బోటు రిజిస్ట్రేషను, లైసెన్సు, ఏ వల ఎక్కడ వెయ్యాలన్న నిబంధనలు, ఇవన్నీ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కిందివి. ఈ అధికారం ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు. అది దాటాక వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. 1976లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 200 నాటికల్ మైళ్లు, సుమారు 370 కిలోమీటర్ల వరకు ఆ నీళ్లలోని సంపద మీద హక్కు భారతదేశానిది. ఇందులో ఒక మెలిక ఉంది. 22 కిలోమీటర్ల లోపలైనా సరే, సముద్రగర్భంలో చమురో ఖనిజమో దొరికితే అది కేంద్రానికే చెందుతుందని 297వ అధికరణం చెబుతుంది. నీళ్లలో ఈదే వంజరం మీద పెత్తనం రాష్ట్రానిది, దాని కిందున్న నేల కేంద్రానిది!

ఇదంతా వకీళ్ల గొడవ అనుకోకండి. ఈ తీరంలో తమిళనాడు మరబోట్లు కనిపించినప్పుడల్లా రేగే తగాదాకు మూలం ఈ గీతే. 12 మైళ్ల అవతల జాలరిది ఏ రాష్ట్రమన్న పట్టింపు లేదు. ఇవతలికి వస్తే ఆంధ్రప్రదేశ్ చట్టం పట్టుకుంటుంది. నీటి మీద గీత కనబడదు, చేపకు అసలే కనబడదు. పెద్ద ఇంజనున్న బోటు ఒడ్డు దాకా వచ్చి గోకి పోతే చిన్న పడవవాడి వలలో నెత్తళ్లు కూడా మిగలవు. వాడి కోపం న్యాయమైనదే. కాకపోతే బోటు పట్టుకుని జరిమానా వెయ్యాల్సింది మత్స్యశాఖ, మెరైన్ పోలీసులు. ఊరు ఆ పని చేతిలోకి తీసుకుంటే కేసు ఊరి మీదికి తిరుగుతుంది.

రెండు ప్రభుత్వాలు ఒక్క మాట మీద నిలబడితేనే పని జరుగుతుందనడానికి వేట నిషేధం మంచి ఉదాహరణ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. దగ్గరి నీళ్లకు రాష్ట్రం, దూరపు నీళ్లకు కేంద్రం విడివిడిగా ఉత్తర్వులిస్తాయి. తేదీలు ఒకటే కాబట్టి తప్పించుకునే సందు ఉండదు. ఆ రెండు నెలలు పొయ్యి వెలగాలి కదా. 2019లో కుటుంబానికి పది వేల రూపాయలు చేసిన భృతిని 2025లో ఇరవై వేలకు పెంచారు.

ఇక డబ్బు సంగతి. లెక్క సులువుగా ఉండేందుకు ఒక పడవ పది వేల రూపాయల చేప తెచ్చిందనుకుందాం. డీజిలుకూ ఐసుకూ మూడు వేలు పోతే మిగిలేది ఏడు వేలు. దాన్ని పాళ్లు వేస్తారు. పడవకు, ఇంజనుకు, వలకు పాళ్లు తీశాకే మనుషులకు. మనిషికి వచ్చేది రోజుకూలి కాదు, పాలు. చేప పడకపోతే నష్టంలోనూ పాలే. పైగా చేప గంటల్లో పాడవుతుంది, అమ్మేవాడు ఆగలేడు. ఐసు ఎవరి దగ్గరుంటే ధర వారి మాటే. వలకు సావుకారి దగ్గర అప్పు తెచ్చినవాడికి ఆ పాటి బేరం కూడా లేదు. సరుకు అతనికే పొయ్యాలి.

ఊరికి హార్బరు ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది. పెద్ద బోటు ఇసుకలోకి ఎక్కదు, దానికి లోతైన నీళ్లూ, అలల్ని ఆపే రాతికట్టా కావాలి. అవి ఇక్కడ లేకపోతే సరుకు చెన్నై కాశిమేడులోనో మరోచోటో దిగుతుంది. చేపతో పాటు వేలంపాట, ఐసు ఫ్యాక్టరీ, బోటు మరమ్మతు, బుట్టలు మోసే కూలి, అన్నీ అక్కడికే పోతాయి. జువ్వలదిన్నె హార్బరుకు 2020 నవంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం రూ.288 కోట్లకు పైనే. కట్టించింది రాష్ట్ర మారిటైం బోర్డు, డబ్బులో కేంద్రం సాయం ఉంది. 2024 ఆగస్టు 30న ప్రధాని మోదీ మహారాష్ట్రలోని పాల్ఘర్ నుంచి తెర మీద జాతికి అంకితం చేశారు. ఫలకం ఎవరిదన్న వాదన నాకు రుచించదు. ఐసు దొరుకుతోందా, వేలం పదిమంది వ్యాపారుల మధ్య జరుగుతోందా, మొగలో ఇసుక మేట వెయ్యకుండా తవ్వుతున్నారా అన్నవే హార్బరు విలువ తేల్చే ప్రశ్నలు.

పుస్తకంలో లేని ప్రభుత్వం ఇంకొకటుంది. నెల్లూరు తీరంలో పట్టపువారి పాళేలను చాలాకాలంగా కులపెద్దలైన కాపులే నడిపారు. వాళ్లు దురాయి, అంటే కట్టడి, పెడితే ఆ రోజు పడవ కదలదు. వలల తగువుల్లో కోర్టు కన్నా ముందే తీర్పు చెప్పే ఏర్పాటది. ఎదురు తిరిగిన ఇంటిని వెలివేసే ఆయుధం కూడా అదే. మొదటి పనికి మెచ్చుకోవచ్చు, రెండోదాన్ని ఏ చట్టమూ ఒప్పదు. ఆ పెద్దలకు ఓటు వేసినవాళ్లు లేరు, ఆడవాళ్ల మాటకు అక్కడ చోటూ తక్కువే. బుట్ట నెత్తిన పెట్టుకుని చేప అమ్మేది మాత్రం వాళ్లే.

అందుకే ఒక విన్నపం. పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు పెట్టిన తేదీల్లో ఏప్రిల్ 14 ఒకటి. ఆ అర్ధరాత్రి నుంచే వేట నిషేధం. బోట్లు ఎలాగూ ఒడ్డుకు చేరే రోజు కాబట్టి ఇంట్లో ఆడవాళ్లను వెంటబెట్టుకుని సభకు వెళ్లండి. భృతి జాబితా పైకి చదవమనండి, మీ పేరు లేకపోతే అక్కడే రాతపూర్వకంగా అడగండి.