చైనా యుద్ధకళల చిత్రాలు

చైనా యుద్ధకళల చిత్రాలు అనగా కత్తియుద్ధము, ముష్టియుద్ధము ప్రధానాంశాలుగా చైనా, హాంకాంగ్, తైవాన్‌లలో నిర్మింపబడిన చలనచిత్రాలు. కత్తివీరుల కథలను వూషియా చిత్రాలనీ, ఒట్టి చేతుల పోరాటాలను కుంగ్‌ఫూ చిత్రాలనీ అంటారు. 1960, 70 దశకాలలో ఇవి హాంకాంగ్‌లో ఉచ్ఛస్థితిని అందుకొన్నాయి. విషాదఘట్టము వెనువెంటనే హాస్యము రావడం, పోరాటము కథను పక్కకు నెట్టడం వీటిలో తరచు కనిపిస్తుంది. దీనిని కేవలం దర్శకుల లోపంగా ఎంచడం సరికాదు.

రంగస్థల మూలాలు

పెకింగ్ ఒపేరాలో గానము, సంభాషణ, అభినయము, యుద్ధవిన్యాసము నాలుగూ నటుడు అభ్యసించవలసిన విద్యలే. విదూషకునికీ అందులో స్థిరమైన స్థానమున్నది. హాంకాంగ్‌లో ఒపేరాకు ఆదరణ తగ్గడంతో ఆ పాఠశాలల విద్యార్థులు జీవనోపాధికై స్టూడియోలలో చేరారు. జాకీ చాన్, సామో హుంగ్ ఒకే పాఠశాలలో శిక్షణ పొందినవారు.

ఈ సంప్రదాయము మనకు కొత్త కాదు. పూర్వపు నిజామాబాదు జిల్లా (2016లో దీని నుండి కామారెడ్డి జిల్లా ఏర్పడింది) చిందు భాగవతానికి ప్రసిద్ధి. అందులోనూ పురాణగాథ మధ్య బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్విస్తాడు. ప్రేక్షకులు దానిని రసభంగమనుకోరు.

పోరాటాల కూర్పు

కింగ్ హూ దర్శకత్వంలో 1966లో వచ్చిన "కమ్ డ్రింక్ విత్ మీ" చిత్రానికి ఒపేరా నటుడు హాన్ యింగ్జీ పోరాటాలు సమకూర్చాడు. అందులో దెబ్బ కంటె లయ, నిశ్చలభంగిమ ముఖ్యము. లౌ కార్-ల్యూంగ్ స్వయంగా యుద్ధకళాభ్యాసకుడు. "36వ ఛాంబర్ ఆఫ్ షావోలిన్" (1978)లో శిక్షణనే కథగా మలిచాడు. అదే సంవత్సరం యుయెన్ వూ-పింగ్ "డ్రంకెన్ మాస్టర్"లో హాస్యాన్ని పోరాటంలోనే కలిపి, ఆ రెంటి మధ్య అగాధాన్ని పూడ్చాడు.

అసమతకు సాంకేతిక కారణాలు

* పోరాటఘట్టాల చిత్రీకరణను చాలావరకు పోరాట దర్శకునికే అప్పగించేవారు. అందువలన ఒకే చిత్రంలో రెండు శైలులు కనిపిస్తాయి.
* సంభాషణలు, దెబ్బల శబ్దాలు తరువాత చేర్చేవారు.
* సెకనుకు 24 చట్రాల కంటె తక్కువ వేగంతో తీసి, మామూలు వేగంతో ప్రదర్శిస్తే కదలికలు త్వరితమవుతాయి. ఇది శ్రుతి మించితే గంభీరమైన పోరాటము కూడా నవ్వు తెప్పిస్తుంది.

తెలుగు చిత్రాలతో పోలిక

"పాతాళ భైరవి" (1951)లో సాహసవీరుని వెంట అంజి ఉన్నట్లే, బి.విఠలాచార్య జానపద చిత్రాలలోనూ కత్తియుద్ధాల నడుమ హాస్యము ఉంటుంది. కత్తియుద్ధాలకు పేరుగాంచిన కాంతారావును ప్రేక్షకులు "కత్తి కాంతారావు" అని పిలుచుకొన్నారు. అయితే ఆ పోరాటాలను కూర్చినవారి పేర్లు అంతగా ప్రచారంలోకి రాలేదు. భారత జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఈ కళకు ప్రత్యేక బహుమతి 2017లో ప్రకటించిన 64వ పురస్కారాలతో మొదలైంది. దానిని మలయాళచిత్రం "పులిమురుగన్"కు పీటర్ హెయిన్ అందుకొన్నాడు.