అమ్మ జీతంలోంచే ఎందుకు?

ప్రసూతి సెలవు అయిపోవస్తుంటే ఉద్యోగిని ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. డేకేర్‌కు ఎంత, ఆయాకు ఎంత, ప్రభుత్వం నుంచి వచ్చేదెంత? చాలా ఇళ్లలో ఆ లెక్క తప్పుతోంది. దాని ఫలితంగా మంచి ఉద్యోగాలు చేజారుతున్నాయి.

'నీ జీతంలో సగం డేకేర్‌కే పోతుంటే ఇక ఉద్యోగం దేనికి?' పాపాయికి ఐదో నెల నిండేసరికి ఈ మాట వినిపిస్తుంది. అనేది అత్తగారే కానక్కర్లేదు. కన్నతల్లి అంటుంది, భర్త అంటాడు, ఆఖరికి ఆమే తనను తాను అడుగుతుంది. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఖర్చును ఒకరి జీతంలోంచే ఎందుకు తీసేయాలన్నది మాత్రం ఎవరికీ తట్టదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త చేతికొచ్చే జీతం 60 వేలు, భార్యది 40 వేలు. డేకేర్ ఫీజు, దాని చుట్టూ తిరిగే చిల్లర ఖర్చులు కలిపి నెలకు 15 వేలు అనుకుందాం. ఆమె జీతంతో పోలిస్తే అది 37.5 శాతం, గుండె గుభేలుమంటుంది. ఇద్దరి రాబడి లక్షతో పోలిస్తే 15 శాతమే. ఇంటద్దెలాగే అదీ ఒక ఇంటి ఖర్చు.

ఇప్పుడు ఆమె ఉద్యోగం మానేసిందనుకుందాం. మిగిలేది 15 వేలు, పోయేది 40 వేలు. నెలకు 25 వేల నష్టమంటే ఏడాదికి మూడు లక్షలు. మూలవేతనం 20 వేలైతే ఆమె వాటా, యజమాని వాటా కలిపి పీఎఫ్, పెన్షన్ ఖాతాలకు చేరే 4,800 కూడా నెలనెలా ఆగిపోతాయి. మూడేళ్లకు అది 1.72 లక్షలు దాటుతుంది. ఆగిన ఇంక్రిమెంట్లు, తెగిపోయిన సర్వీసు, మళ్లీ ఉద్యోగానికి వెళ్తే 'ఈ గ్యాప్ ఎందుకు?' అనే ప్రశ్న, ఇవన్నీ అదనం. డేకేర్ ఖర్చు మూడు నాలుగేళ్లలో తగ్గుముఖం పడుతుంది. పోగొట్టుకున్న సీనియారిటీ మాత్రం తిరిగిరాదు.

ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా

ప్రభుత్వ సాయం బిడ్డ పుట్టినప్పుడు ఒకసారి, బడిలో చేరాక ఇంకోసారి కనిపిస్తుంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులైన తల్లులకు తొలి కాన్పుకు 5 వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు ఇస్తారు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో మొదలైన తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా వర్తిస్తుంది. ఒక్కో విద్యార్థికి కేటాయించిన 15 వేలలో 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి.

డేకేర్ ఫీజు కట్టాల్సింది మాత్రం ఈ రెండింటి మధ్యనున్న ఐదేళ్లలో. అప్పుడు ఆసరాగా నిలవాల్సింది అంగన్‌వాడీ. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. పౌష్టికాహారం, మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అక్కడ అందుతాయి. అయితే అంగన్‌వాడీ వేళలు ఉద్యోగం చేసే తల్లి వేళలకు సరిపోవు. బిడ్డ ఇంటికొచ్చే సమయానికి ఆమె ఇంకా పనిలోనే ఉంటుంది. ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2022లో 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీ–క్రెష్‌ల ఆలోచన చేసింది. ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు పిల్లలకు పగలంతా సంరక్షణ దాని ఉద్దేశం. దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం 17 వేల కేంద్రాలు. మన రెండు రాష్ట్రాల అంగన్‌వాడీల సంఖ్యతో పోలిస్తే అది ఎంత చిన్నదో తెలుస్తుంది.

చట్టంలో ఉంది, అడగాలి

యాభై, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలి. ఆ యాభైలో ఆడవాళ్లు ఎందరన్నది చూడరు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. పని స్వభావం అనుమతిస్తే, సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేసేలా యజమానితో ఒప్పందం చేసుకోవచ్చు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే ఈ హక్కుల గురించి రాతపూర్వకంగా చెప్పాలని 2017 సవరణ నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ క్రెష్ నిబంధన ఉంది. అందుకే హెచ్‌ఆర్‌ను నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో అడగాలి.

నెల జీతం 21 వేలు మించకుండా ఈఎస్ఐ పరిధిలో ఉంటే ప్రసూతి వేతనం ఈఎస్ఐ నిధి నుంచే వస్తుంది. ఆపై జీతమైతే భారమంతా యజమానిదే. పెళ్లయిన అమ్మాయిని తీసుకోవడానికి కొన్ని సంస్థలు వెనకాడటానికి ఇదీ ఒక కారణం.

ప్రభుత్వోద్యోగుల సంగతి కొంత నయం. కేంద్రంలో పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. మొదటి 365 రోజులు పూర్తి జీతం, తర్వాత 80 శాతం. ఆంధ్రప్రదేశ్ మహిళా ఉద్యోగులకు 180 రోజులు, తెలంగాణలో 90 రోజులు ఇస్తున్నారు. నాన్నల విషయానికొస్తే కేంద్ర ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఒక్క రోజూ ఇవ్వదు.

పన్ను ఊరట కూడా అంతంతే. పాత విధానంలో లక్షన్నర పరిమితికి లోబడి బడి ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది. డేకేర్ ఫీజుకు లేదు.

బడ్జెట్ ఇలా వేసుకోండి

ముందే మొదలుపెట్టండి: గర్భం ఐదో నెల నుంచే డేకేర్‌కు అయ్యేంత మొత్తాన్ని బ్యాంకు ఆర్‌డీలో వేయండి. నెలకు 15 వేలైతే ప్రసూతి సెలవు ముగిసేనాటికి పది నెలల్లో లక్షన్నర చేతిలో ఉంటుంది. ఆ ఖర్చుతో ఇల్లు నడపడమూ అలవాటవుతుంది.

దాగి ఉన్న ఖర్చులు అడగండి: అడ్మిషన్, వార్షిక ఫీజు, ఆలస్యమైతే గంటకింత, సెలవు నెలలకూ ఫీజు కట్టాలా అన్నవి చేరకముందే తేల్చుకోండి. రెండు రాష్ట్రాలూ 2025లో రోజుకు పది గంటల పనికి వీలు కల్పించాయి కాబట్టి, డేకేర్ మూసే వేళ ఫీజుకన్నా ముఖ్యం.

జ్వరం రోజులకు ఏర్పాటు: ఒళ్లు వెచ్చబడిన బిడ్డను డేకేర్ తీసుకోదు. ఆ రోజు సెలవు ఎవరు పెట్టాలో భార్యాభర్తలు ముందే వంతులు వేసుకోవాలి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటివాళ్ల సంరక్షణ చూసే ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 74 నిమిషాలే వెచ్చిస్తున్నారు. వంతులు వేసుకోకపోతే అన్ని సెలవులూ అమ్మవే అవుతాయి.

అమ్మమ్మ, నాయనమ్మల ఖర్చూ రాయండి: వాళ్ల రాకపోకలు, మందులు, ఊళ్లో ఆగిపోయే పనులు కూడా ఖర్చే. మోకాళ్ల నొప్పులతో రోజంతా పిల్లాడి వెంట పరుగెత్తమనడం న్యాయం కాదు. సగం పూట డేకేర్, సగం పూట అమ్మమ్మ అనుకుంటే ఇద్దరికీ ఊపిరాడుతుంది.

ఆయా బిడ్డ ఎక్కడ?

మన బిడ్డను చూసే ఆయాకూ బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డను చాలాసార్లు బడి మానిన అక్క చూస్తుంది. ఇళ్లలో పనిచేసేవారికి, తాపీ పనికి ఇటుకలు మోసేవారికి హెచ్‌ఆర్ లేదు, ఈమెయిల్ లేదు. కట్టడాల దగ్గర కూలీల పిల్లల కోసం 1969లో ఢిల్లీలో మీరా మహాదేవన్ 'మొబైల్ క్రెషెస్' మొదలుపెట్టారు. అర్ధ శతాబ్దం దాటినా అది స్వచ్ఛంద సంస్థల మంచితనంగానే మిగిలింది, పట్టణ సదుపాయంగా మారలేదు.

దీనికోసం మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కొత్త పథకం కనిపెట్టనక్కర్లేదు. భవనాలున్నాయి, టీచర్లున్నారు, వంట ఉంది. వార్డుకొక అంగన్‌వాడీని సాయంత్రం ఏడు దాకా నడిపి, అదనపు గంటలకు అదనపు సిబ్బందిని, జీతాన్ని ఇస్తే చాలు. అప్పటిదాకా ప్రతి ఇల్లూ చేయగలిగింది ఒకటుంది: ఈ నెల నుంచే డేకేర్ ఫీజును ఇంటి ఖర్చుల పద్దులో రాయండి, ఇద్దరి జీతాల్లోంచి కట్టండి.