ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయా? గ్యాస్ నింపించే ముందు ఈ పైపు సంగతి చూడండి

ఏసీ కొనేముందు మనం ఏం చూస్తాం? ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, కాపర్ కాయిలా కాదా, ఇన్వర్టర్ ఉందా, వైఫై ఉందా. ఏ కంపారిజన్ టేబుల్ తీసినా ఇవే కాలమ్స్. కానీ ఆ మెషీన్‌లోంచి రోజూ బయటకి రావాల్సిన నీళ్లు ఎటు పోతాయి, ఆ పైపులోకి ఏం దూరుతాయి అన్నది ఏ టేబుల్‌లోనూ ఉండదు. ఇళ్లలో ఏసీ కంప్లయింట్లు చూస్తే మాత్రం చాలాసార్లు కథ అక్కడే మొదలవుతుంది. కంప్రెసర్ బాగానే ఉంటుంది, గ్యాస్ నిండుగానే ఉంటుంది. వేలి లావు డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది, లేదంటే బోర్డు మీదకి ఓ బల్లి ఎక్కి ఉంటుంది.

ఈ రెండింటి గురించి తెలిస్తే అనవసరమైన గ్యాస్ బిల్లు తప్పుతుంది. ఒక్కోసారి అంతకంటే పెద్ద ప్రమాదం కూడా తప్పుతుంది. అదెలాగో చూద్దాం.

ఏసీ పుట్టిందే తేమ తీయడానికి

1902లో విల్లిస్ క్యారియర్ అనే ఇంజినీర్ అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం డిజైన్ చేసిన సిస్టమ్‌ని మోడర్న్ ఏసీకి మొదలు అంటారు. అక్కడి సమస్య తేమ. గాల్లో తేమ మారినప్పుడల్లా కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. అంటే ఏసీ మొదటి డ్యూటీ గాల్లోంచి నీళ్లు లాగేయడమే.

ఇప్పటికీ అదే జరుగుతోంది. ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ సుమారు 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాల్లోని ఆవిరి ఎంత ఉష్ణోగ్రత దగ్గర నీళ్లుగా మారుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. గాలి 40 డిగ్రీలు ఉండి తేమ 20 శాతమే ఉంటే డ్యూ పాయింట్ 13 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాయిల్ మీద నీళ్లు పెద్దగా పట్టవు. అదే 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున డ్యూ పాయింట్ 26 డిగ్రీలకి వెళ్తుంది. అప్పుడు 1.5 టన్ ఏసీ గంటకి లీటరు పైనే నీళ్లు తీయగలదు.

ఇప్పుడు ఒక విషయం అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే అంతా ఏసీ చక్కగా పనిచేసి, జూన్‌లో వానలు మొదలవ్వగానే కారడం మొదలుపెడుతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది కదా" అనుకుంటాం. పైపు మొన్న కూడా సగం మూసుకునే ఉంది. పొడి ఎండల్లో దానికి పని పడలేదు, అంతే. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఈ గ్యాప్ కూడా దొరకదు, సముద్రపు గాలి వల్ల వేసవిలోనూ పైపుకి ఫుల్ డ్యూటీయే.

పైపు ఎందుకు మూసుకుంటుంది?

కాయిల్ నుంచి కారిన నీళ్లు కింద ఉన్న ట్రేలో పడి, అక్కడి నుంచి పైపు ద్వారా బయటకి పోతాయి. గోడకి బిగించే స్ప్లిట్ ఏసీల్లో చాలావరకు మోటారు ఏమీ ఉండదు. నీళ్లు వాటంతట అవే పల్లానికి పోవాలి. ఆఫీసుల్లో సీలింగ్‌లో కనిపించే క్యాసెట్ ఏసీలకి పంపు, నీళ్లు పెరిగితే ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉంటాయి. మన బెడ్‌రూమ్ ఏసీకి సాధారణంగా అవేమీ ఉండవు. ట్రే నిండిందంటే నీళ్లు నేరుగా గోడ మీదకే.

అడ్డుపడేవి మామూలుగా ఇవి:

జిగురు: ఫిల్టర్ తప్పించుకున్న దుమ్ము తడి ట్రేలో చేరుతుంది. చీకటి, తడి, దుమ్ము మూడూ దొరికితే బ్యాక్టీరియా, ఫంగస్ పెరిగి నల్లటి జిగురు పొరలా తయారవుతాయి. ఏసీ వేయగానే వచ్చే ముక్క వాసన కూడా చాలాసార్లు దీనిదే.

వాలు లేకపోవడం: పైపుకి మీటరుకి కనీసం 1 సెంటీమీటరు వాలు ఉండాలి. మధ్యలో పైకి లేచి మళ్లీ కిందకి దిగితే ఆ వంపులో నీళ్లు నిలిచి, మడ్డి చేరుతుంది.

బకెట్: బాల్కనీలో బకెట్ పెట్టి పైపు చివర అందులో వదిలేయడం మన దగ్గర చాలా మామూలు. బకెట్ నిండి పైపు మూతి నీళ్లలో మునిగితే లోపలి గాలికి దారి ఉండదు, ఫ్లో నెమ్మదిస్తుంది. పైగా ఆ బకెట్ డెంగీ దోమకి మంచి అడ్డా. ఏడిస్ దోమ ఇలాంటి నిలవ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో అవి దోమలై ఎగిరిపోతాయి. వారానికి ఒకసారైనా బకెట్ ఖాళీ చేసి, లోపలి అంచులు రుద్ది కడగాలి.

పురుగులు: చలికాలమంతా ఏసీ ఆపేస్తాం కదా, అప్పుడు పైపు ఖాళీగా, పొడిగా ఉంటుంది. మట్టి గూళ్లు కట్టే కందిరీగలకి అంతకంటే రెడీమేడ్ ఇల్లు ఉండదు. బొద్దింకలు, చీమలు కూడా ఇదే దారిలో పైకి వస్తాయి.

గ్యాసా? డ్రెయినా?

కిందటేడు జూన్‌లో భీమవరం నుంచి నాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, ఏసీ కారుతోంది. గ్యాస్ అయిపోయింది, మూడు వేలవుతుందంటున్నాడ్రా మెకానిక్."

"గది చల్లబడుతోందా నాన్నా?"

"శుభ్రంగా చల్లబడుతోంది. నీళ్లే ఆగట్లేదు."

వీడియో కాల్ పెట్టించాను. యూనిట్ ఎడమ మూల నుంచి ధార గోడ మీదుగా దిగుతోంది. సరిగ్గా దాని కిందే స్టెబిలైజర్, ప్లగ్ పాయింట్. అమ్మ స్టూల్ వేసుకుని గుడ్డ పట్టుకుని తుడవబోతోంది. నీళ్ల సంగతి తర్వాత, ముందు ఎంసీబీ దించమన్నాను. తర్వాత నాన్న పెరట్లోకి వెళ్లి పైపు చివర చూపించారు. మూతి దగ్గర గట్టిపడిన మట్టి ముద్ద. పుల్లతో దాన్ని లాగేస్తే అర బకెట్ నల్లనీళ్లు ఒక్కసారిగా దిగాయి. గోడ, ప్లగ్ పాయింట్ పూర్తిగా ఆరాక ఎలక్ట్రీషియన్ చెక్ చేసి, సాయంత్రానికి మళ్లీ ఏసీ వేశారు. గ్యాస్ ముట్టుకోలేదు.

ఇక్కడ పెద్ద లాజిక్ ఏమీ లేదు. ఏసీలో గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు, వాడితే అయిపోదు. అది మూసి ఉన్న రాగి పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కాబట్టి ఇలా ఆలోచించండి:

గది బాగా చల్లబడుతోంది, నీళ్లు కారుతున్నాయి అంటే ముందు డ్రెయిన్ చూడాలి.

చల్లదనం తగ్గింది, కాయిల్ మీద ఐస్ కట్టింది అంటే ముందు ఫిల్టర్ చూడాలి. దుమ్ముతో గాలి ఆడకపోతే కాయిల్ సున్నా కిందకి పడిపోయి ఐస్ పడుతుంది. ఆపగానే ఆ ఐస్ కరిగి ట్రే పొంగుతుంది.

ఫిల్టర్ కడిగినా ఐస్ కడుతూనే ఉంటే అప్పుడు గ్యాస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. అప్పుడైనా లీకు ఎక్కడుందో చూపించి, దాన్ని మూసిన తర్వాతే నింపమనండి. అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద గ్యాస్ ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఉన్నది పూర్తిగా తీసేసి, వ్యాక్యూమ్ చేసి, ఆ తూకం ప్రకారం నింపడం సరైన పద్ధతి.

బోర్డు మీద బల్లి

ఇక అవుట్‌డోర్ యూనిట్. ఇన్వర్టర్ ఏసీ అంటే అందులో చిన్న పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఉన్నట్టే. 230 వోల్టుల కరెంటుని 300 వోల్టులు దాటిన డీసీగా మార్చి, దాంతో కంప్రెసర్ స్పీడ్ కంట్రోల్ చేస్తుంది. ఆ బోర్డు వెచ్చగా ఉంటుంది, చుట్టూ పురుగులు దొరుకుతాయి. బల్లికి ఇంకేం కావాలి? రెండు టెర్మినల్స్ మీద ఒకేసారి కాలు పెట్టిందా, బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. బోర్డు మార్చాలంటే ఖర్చు వేలల్లోనే. పైగా ఎలుకలు, పురుగుల వల్ల జరిగిన డ్యామేజీని చాలా వారంటీల్లో కవర్ చేయరు. మీ వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాలు ఒకసారి చదవండి.

చీమల కథ ఇంకా విచిత్రం. కొన్ని జాతుల చీమలు షాక్ కొట్టినప్పుడు ప్రమాద సంకేతంగా ఒక రసాయనం వదులుతాయి. ఆ వాసనకి మిగతా చీమలు సాయానికి వచ్చి, అవీ చచ్చి, చివరికి స్విచ్ కాంటాక్టుల మధ్య చీమల కుప్ప తయారవుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో 2002లో హ్యూస్టన్ దగ్గర బయటపడిన క్రేజీ యాంట్స్ ఇలాగే ఏసీలని పాడుచేసి పేరు తెచ్చుకున్నాయి. వాటిని గుర్తించిన పెస్ట్ కంట్రోల్ నిపుణుడు టామ్ రాస్‌బెర్రీ పేరే వాటికి పెట్టారు.

ఎలుకలకి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకాల్సిందే. వైర్లు, రాగి పైపు మీది నల్ల ఫోమ్ వాటికి చాలా ఈజీ. పైపులు వెళ్లే గోడ కన్నం మూయకపోతే అదే వాటికి మెయిన్ రోడ్డు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాల గొడవ సరేసరి. యూనిట్ వెనక గూడు కడితే పుల్లలు, ఈకలు కండెన్సర్‌కి గాలి అందకుండా చేస్తాయి. కరెంటు బిల్లు పెరుగుతుంది, ఎండ ముదిరితే యూనిట్ ట్రిప్ అవుతుంది. ఎండిన రెట్ట పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్క్ పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపాకే తీయండి.

మనం చేసుకోగలిగేవి

మొదట ఎంసీబీ ఆపండి, రిమోట్‌తో ఆపితే సరిపోదు. ఫిల్టర్లు తీసి మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. సీజన్‌లో రెండు మూడు వారాలకోసారి ఇది చేస్తే జిగురు సగం తగ్గుతుంది.

పైపు శుభ్రం చేయడానికి బెస్ట్ గ్యాడ్జెట్ నీళ్లు కూడా పీల్చే వ్యాక్యూమ్ క్లీనర్. బయటి చివర దాని గొట్టం పెట్టి, చుట్టూ తడిగుడ్డ బిగించి ఒకటి రెండు నిమిషాలు లాగండి. సైకిల్ పంపుతో లోపలికి గాలి కొట్టకండి, మడ్డి అంతా తిరిగి ట్రేలోకి, గోడ మీదకి వస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ అసలే వద్దు, అల్యూమినియం ఫిన్స్‌ని తినేస్తాయి.

పైపు చివర మరీ సన్నటి దోమతెర కాకుండా కాస్త పెద్ద కన్నాల మెష్ కట్టండి. సన్నదైతే జిగురుతో అదే మూసుకుంటుంది. ఏది కట్టినా నెలకోసారి చూడాల్సిందే. గోడ కన్నంలో స్టీల్ పీచు కుక్కి, పైన పుట్టీ పెట్టండి. చీమలకి జెల్ బెయిట్ వాటి దారిలో పెట్టండి. నడుస్తున్న ఏసీలోకి పురుగుల స్ప్రే కొట్టొద్దు, చాలా స్ప్రేల్లో మండే గ్యాస్ ఉంటుంది.

అవుట్‌డోర్ యూనిట్ మూత మాత్రం విప్పొద్దు. యూట్యూబ్‌లో ఎంత ఈజీగా కనిపించినా సరే. కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది, ప్రాణం తీసేంత ఉండొచ్చు. ఆ పని ట్రైనింగ్ ఉన్న టెక్నీషియన్‌దే. బహుమంజిలా బిల్డింగ్‌లో బయట వేలాడే యూనిట్‌కీ ఇదే రూల్.

కొత్త ఏసీ బిగించే రోజు

ఇన్‌స్టాలేషన్ రోజున పది నిమిషాలు పక్కన నిలబడండి. టెక్నీషియన్‌ని మూడు విషయాలు అడగండి. ఒకటి, ట్రేలో అర లీటరు నీళ్లు పోసి బయటకి వస్తున్నాయో లేదో చూపించమనండి. రెండు, గోడ కన్నం మీ ముందే మూయించండి. మూడు, యూనిట్ కింద ప్లగ్ పాయింట్ గానీ స్టెబిలైజర్ గానీ ఉంటే పక్కకి జరిపించండి. కొనేముందు షోరూమ్‌లో అడగాల్సింది ఇంకొకటి: అవుట్‌డోర్ బోర్డు మూసిన మెటల్ బాక్సులో ఉందా? బల్లులు తిరిగే ఇంట్లో వైఫై కంటే ఇదే ఎక్కువ పనికొచ్చే ఫీచర్.

ఇప్పటికే ఏసీ ఉన్నవాళ్లు తేమగా ఉన్న సాయంత్రం చూసి గంటసేపు ఏసీ వేసి, బయట పైపు చివర చూడండి. ధారగా కారుతుంటే హ్యాపీ. చుక్క రావట్లేదంటే ఆ నీళ్లు ఇంట్లోనే ఎక్కడో నిండుతున్నట్టు. వాటి దారి క్లియర్ చేసేదాకా ఏసీ ఆపేయండి.