నిన్న వద్దన్న పాట

పిల్లలూ, ఇవాళ పాటల కబుర్లు చెప్పుకుందాం. వింటేనే చిరాకు పుట్టిన బ్యాండు కొన్నేళ్ళకి ఎలా నచ్చేస్తుంది? ఒక్కరి మనసు కాదు, అమెరికాలో ఒక తరం మనసే అలా మారిన కథ ఒకటుంది. అది మన చికాగోలోనే మొదలైంది.

1979 జూలై 12. చికాగో దక్షిణ భాగంలో అప్పట్లో కోమిస్కీ పార్క్ అని పాత బేస్‌బాల్ మైదానం ఉండేది. ఆ సాయంత్రం వైట్ సాక్స్ జట్టు డెట్రాయిట్ టైగర్స్‌తో వరసగా రెండు ఆటలు ఆడాలి. ఇంట్లో ఉన్న డిస్కో అనే డ్యాన్సు పాటల రికార్డు ఒకటి పట్టుకొచ్చిన వాళ్ళకి టికెట్టు 98 సెంట్లే. వచ్చిన రికార్డులన్నీ పెద్ద పెట్టెలో పోసి, రెండు ఆటల మధ్య విరామంలో పేల్చేస్తానని స్టీవ్ డాల్ అనే రేడియో ఆయన ఊరంతా చాటాడు. అంతకుముందు ఆయన పనిచేసిన స్టేషను డిస్కోకి మారిపోయినప్పుడు ఆయన ఉద్యోగం ఊడింది, ఆ కసి ఉంది. దాదాపు యాభై వేల మంది వచ్చారు. పెట్టె పేలింది. జనం మైదానంలోకి దూకారు, గడ్డి పీకారు, మంటలు పెట్టారు. పోలీసులు 39 మందిని పట్టుకెళ్ళారు. నేలంతా పాడైపోయి రెండో ఆట జరగనేలేదు, ఆడకుండానే టైగర్స్ గెలిచినట్టు తేల్చారు.

ఆ కోపం ఎవరిమీదంటే, ముందు వరసలో ఉన్నది బీజీస్. బ్యారీ, రాబిన్, మారిస్ గిబ్, ముగ్గురన్నదమ్ములు. బ్రిటన్‌కీ ఐర్లండుకీ మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిలో పుట్టారు. మాంచెస్టర్‌లో కొన్నాళ్ళు, ఆస్ట్రేలియాలో కొన్నాళ్ళు పెరిగి, చివరికి మయామీ చేరారు. 1977లో వచ్చిన 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమాకి ప్రాణం పోసిన పాటలు వీళ్ళవే. ఆ ఆల్బం 1978లో 24 వారాలపాటు అమెరికాలో మొదటి స్థానంలో కూర్చుంది. 1979 ఫిబ్రవరిలో ఆ ఏటి మేటి ఆల్బంగా గ్రామీ వచ్చింది. ఆ తర్వాత ఐదు నెలలకే ఈ పేలుడు. 'ఈ వారాంతం మా దగ్గర బీజీస్ పాట ఒక్కటి కూడా రాదు' అని రేడియో స్టేషన్లు గొప్పగా చెప్పుకునే రోజులొచ్చాయి.

మరి పాట మారిందా? లేదు. రికార్డు మీది గీతలు అవే, గొంతులు అవే. మారింది వినేవాళ్ళ తలల్లో.

ఇక్కణ్ణుంచి సైన్సులోకి వెళ్దాం. రాబర్ట్ జాయన్స్ అని పోలండులో పుట్టి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1968లో ఆయన ఒక పేరుగన్న వ్యాసం రాశాడు. అర్థంలేని మాటలు, చైనా లిపిని పోలిన అక్షరాలు, తెలియని మొహాల ఫొటోలు జనానికి చూపించాడు. కొన్నిటిని ఒక్కసారి, కొన్నిటిని ఐదుసార్లు, కొన్నిటిని పాతికసార్లు. తర్వాత 'ఇందులో ఏది మంచిదనిపిస్తోంది?' అని అడిగితే, ఎక్కువసార్లు చూసినవే మంచివన్నారు. వాటి వల్ల వాళ్ళకి ఒరిగింది ఏమీ లేదు, ఎరుక పెరిగిందంతే. ఎరుకైనది ప్రమాదం కాదని మెదడుకి ఒక భరోసా. అడవిలో బతికిన కాలం నుంచీ వచ్చిన భరోసా అది కావచ్చు.

అలాగైతే రేడియోలో రోజుకి పదిసార్లు మోగిన బీజీస్ అందరికీ నచ్చాలి కదా అని మీకు అనిపించవచ్చు. ఆ మెలిక విప్పింది టొరంటోలో ఉండే డేనియల్ బెర్లైన్. ఇష్టం అనేది గీత గీస్తే కొండలాగా ఉంటుందన్నాడు. మరీ కొత్తదైతే బెదురు, కాస్త తెలిశాక ఇష్టం, మరీ తెలిసిపోతే విసుగు. 1979 నాటికి అమెరికా చెవి ఆ కొండ ఎక్కి, అవతలి వాలు మీద జారుతోంది.

సరే, జారినవాళ్ళు మళ్ళీ పైకి ఎలా వచ్చారు? దీనికి సముద్రంలో ఉండే ఒక పెద్ద నత్త సాక్ష్యం చెబుతుంది. దాని పేరు అప్లీసియా. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్‌లో ఏళ్ళతరబడి దీన్ని పరిశీలించి, 2000లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. దాని ఒంటిమీద ఒకచోట తాకితే మొప్పను లోపలికి లాక్కుంటుంది. మళ్ళీ మళ్ళీ తాకితే లాక్కోవడం తగ్గిపోతుంది, ఇక పట్టించుకోదు. కొంతసేపు వదిలేసి తాకి చూడండి, మళ్ళీ లాక్కుంటుంది. మొద్దుబారిన నరానికి విశ్రాంతి ఇస్తే పదును తిరిగొస్తుంది. నత్తకే అంత ఉంటే, మన చెవికి ఉండదా? పాట మీద విసుగు చాలాసార్లు శాశ్వతం కాదు.

కొత్త పాట మెదడుకి ఎందుకు బరువో కూడా చెప్పుకోవాలి. తెలియని ఊళ్ళో చుట్టాలింటికి మొదటిసారి నడిచేటప్పుడు దారి ఎంతకీ తరగదు. రెండోసారి ఆ రావిచెట్టూ, ఆ మలుపూ ముందే తెలుసు, దూరం సగమైనట్టుంటుంది. పాట కూడా అలాగే. మన మెదడు వింటూ కూర్చోదు, తర్వాత వచ్చే స్వరం ఏమిటో ముందే ఊహిస్తుంటుంది. సంగీతంలోని ఆనందమంతా ఆ ఊహ నిజం కావడంలోనూ, కాస్త తప్పడంలోనూ ఉందని లెనార్డ్ మేయర్ 1956లోనే పుస్తకం రాశాడు. 2011లో మాంట్రియాల్‌లో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోరే బృందం దీన్ని మెదడులోనే చూసింది. తమకి నచ్చిన పాట వింటున్నవాళ్ళ మెదడుని యంత్రాలతో పరీక్షించారు. ఒళ్ళు పులకరించే ఘట్టం వచ్చినప్పుడు డోపమీన్ అనే రసాయనం ఒకచోట ఊరుతోంది. అంతకు కొన్ని సెకన్ల ముందు, 'అదిగో వస్తోంది' అని ఎదురుచూసేటప్పుడే, మరోచోట ఊరుతోంది! కచేరీలో ఆది తాళం చేత్తో వేస్తూ, మృదంగం తీర్మానం సరిగ్గా సమానికి వచ్చి పడుతుంటే మీ బామ్మ మొహం వెలిగిపోవడం చూశారుగా, ఆ వెలుగు తీర్మానం ముగియకముందే మొదలవుతుంది. దారి తెలియని చెవికి ఆ ఎదురుచూపే లేదు. అందుకని మొదటిసారి విని 'బాగాలేదు' అనేస్తే, అది పాట గురించి చెప్పిన మాట కాకపోవచ్చు.

ఇదంతా ఒక్క చెవి కథ. చెవి పక్కన స్నేహితులు కూర్చుంటారే, వాళ్ళ కథ ఇంకా పెద్దది. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ఒక చక్కని ప్రయోగం బయటపెట్టారు. పేరు తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకున్నారు. 14,341 మందిని ఇంటర్నెట్‌లో రకరకాల గుంపులుగా విడదీశారు. ఒక గుంపువాళ్ళకి ఇతరుల ఇష్టాయిష్టాలు తెలియవు. ఇంకో ఎనిమిది గుంపుల్లో మాత్రం, తమ గుంపులో ఏ పాటని ఎంతమంది దించుకున్నారో కనిపిస్తుంది. 52 మెట్రో అనే బ్యాండు పాట 'లాక్‌డౌన్' ఉంది చూడండి, ఎవరి మాటా వినని గుంపులో అది 26వ స్థానంలో ఉంది. కనిపించే గుంపుల్లో ఒకచోట మొదటి స్థానానికి ఎక్కింది, ఇంకోచోట 40కి దిగిపోయింది. అదే పాట! మన ఇష్టంలో మన వాటా ఎంత, పక్కవాళ్ళ వాటా ఎంత అని నేను తరచూ ఆలోచిస్తుంటాను.

కోమిస్కీ పార్క్‌లో ఆ పక్కవాళ్ళ వాటా చాలా ఎక్కువ, అందులో కొంత చేదు కూడా. డిస్కో పుట్టింది నల్లజాతివాళ్ళూ, లాటినోలూ, స్వలింగ ప్రేమికులూ కలిసే క్లబ్బుల్లో. ఆ రోజు అక్కడ జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. జనం తెచ్చినవాటిలో డిస్కో కానివి, నల్లజాతి గాయకుల రికార్డులు కూడా ఉన్నాయని అతను గమనించాడు. అంటే పాట మీద అనుకున్న కోపం మనుషుల మీదికి పోయింది. ఈ సంగతి దాచిపెట్టి సైన్సు మాత్రమే చెబితే మీకు సగమే చెప్పినట్టు. ఆ విన్స్ లారెన్సే 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. హౌస్ సంగీతంలో మొట్టమొదటి రికార్డుల్లో అదొకటి. ఇప్పుడు మీ ఇయర్‌బడ్స్‌లో ధనధన మోగేదానికి మూలాలు అక్కడున్నాయి.

మరి బీజీస్ ఏమయ్యారు? పేరు చెబితే జనం స్టేషను మార్చేస్తుంటే, వాళ్ళు పాటలు రాసి వేరేవాళ్ళ చేత పాడించారు. 1980లో బార్బ్రా స్ట్రైసాండ్ పాడిన 'ఉమన్ ఇన్ లవ్', 1982లో డియాన్ వార్విక్ పాడిన 'హార్ట్‌బ్రేకర్' వీళ్ళ రచనలే. 1983లో కెన్నీ రాజర్స్, డాలీ పార్టన్ కలిసి పాడిన 'ఐలండ్స్ ఇన్ ద స్ట్రీమ్' కూడా వీళ్ళదే. అది మామూలు పాటల పట్టికలోనూ, కంట్రీ పాటల పట్టికలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. డిస్కో అంటే మండిపడ్డ ఇళ్ళలో కూడా ఆ పాటకి కూనిరాగం తీసే ఉంటారు. ఏ శాస్త్రవేత్తా అనుకోకుండానే జరిగిపోయిన ప్రయోగం ఇది. పేరు చెరిపేసి పాటని మాత్రమే చెవికి ఇస్తే, చెవి తలుపు తీసింది.

బీజీస్ పాటల్లో చాలామందికి ఒంటికి పడనిది ఆ కీచుగొంతు. 1975లో 'మెయిన్ కోర్స్' ఆల్బం చేసేటప్పుడు బ్యారీ ఆ గొంతుని పట్టుకున్నాడు. మామూలుగా పాడితే స్వరతంత్రులు మందంగా ఉండి, ఒకదానికొకటి పూర్తిగా తగులుతూ కంపిస్తాయి. ఈ పద్ధతిలో వాటిని సాగదీస్తే పలచబడి, అంచులు మాత్రమే ఆడతాయి, మధ్యలో కొంచెం గాలి పోతుంది. అందుకే అంత ఎత్తు, అంత పలచన. మగవాడి గొంతు మీద ఉన్న అంచనాకి అది అడ్డుపడింది. మనవైపు నాటకాల్లో స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కట్టి పాడుతుంటే ఊళ్ళకి ఊళ్ళు పరవశించాయి. వినేవాడు ఏం ఎదురుచూస్తూ వచ్చాడన్నది అంత ముఖ్యం.

1997లో బీజీస్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అవన్నీ సరే, నాకు బాగా నచ్చిన మలుపు డాక్టర్ల దగ్గర జరిగింది.

బీజీస్ పాట 'స్టేయిన్ అలైవ్' రికార్డు చేసే సమయానికి డ్రమ్స్ వాయించే డెన్నిస్ బ్రయాన్ ఇంట్లో కష్టం వచ్చి వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికే 'నైట్ ఫీవర్' పాటకి అతను వాయించిన దానిలోంచి చిన్న ముక్క టేపు కత్తిరించి, రెండు కొసలూ అతికించి, గుండ్రంగా తిరిగేలా చేసి, ఆ ముక్క మీదే పాటంతా కట్టారు. కవరు మీద వాయిద్యకారుడిగా బెర్నార్డ్ లూప్ అని లేని మనిషి పేరు వేశారు! అందువల్ల ఆ పాటలో దరువు మొదటినుంచి చివరిదాకా ఒక్క పిసరు కూడా జారదు. నిమిషానికి సుమారు 103 దెబ్బలు.

గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. కంగారులో ఉన్న మనిషి చేతికి ఆ లయ ఎక్కడ దొరుకుతుంది? 2008లో మన ఇల్లినాయ్ రాష్ట్రంలోనే, పియోరియాలోని వైద్య కళాశాలవాళ్ళు 15 మంది డాక్టర్ల చేత, విద్యార్థుల చేత ఈ పాట వింటూ బొమ్మ ఛాతీ నొక్కించారు. సగటు 109 వచ్చింది. ఐదు వారాల తర్వాత పాట వెయ్యకుండా, మనసులో తలుచుకుంటూ నొక్కమంటే 113. చిన్న ప్రయోగమే, కానీ మెదడులో పాట ఎంత కచ్చితంగా అచ్చుపడుతుందో చూడండి.

చాలా రాష్ట్రాల్లో హైస్కూల్లోనే ఇలా ఛాతీ నొక్కడం నేర్పుతున్నారు, మీకూ వస్తుంది. ఈలోగా ఆ సోఫా మీది దిండు కింద పడెయ్యండి, దానిమీద చేసి చూద్దాం. ఎవరైనా పడిపోయి పలక్కపోతే, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే, ముందు 911కి ఫోను. తర్వాత అరచేతి మడమ ఛాతీ మధ్యలో పెట్టి, రెండో చెయ్యి దానిమీద వేసి, మోచేతులు వంచకుండా. పెద్దవాళ్ళకైతే కనీసం రెండంగుళాల లోతు. నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఆ బీజీస్ పాట పెట్టు నాన్నా, నేను గడియారం చూసి లెక్కపెడతాను.