కుట్టే ముందు కడగాలి

దేవతా విగ్రహాలు మలిచే ఆళ్లగడ్డ శిల్పశాలల్లోనూ, కేసీ కాలువ కింద నంద్యాల చుట్టుపక్కల పండే వరిమడుల్లోనూ తెగిన చెయ్యి, చీలిన కాలు కొత్త కాదు. ఉలి జారి బొటనవేలి మొదట్లో పడిన గాటు, గ్రైండర్ బ్లేడు తగిలి చితికిన అరచెయ్యి, బురదలో కొడవలి దిగిన పాదం చూపుకు ఒకే రకం నెత్తుటి గాయాలుగా తోచినా, శస్త్రవైద్యుడికి అవి మూడు వేర్వేరు సమస్యలు. గాయం అనగానే ఎన్ని కుట్లు పడ్డాయని అడగడం అందరికీ అలవాటు. నిజానికి వైద్యంలో కుట్టు చివరి పని, గాయం భవితవ్యం చాలావరకు అంతకు ముందే తేలిపోతుంది.

చర్మానికి పైన పలుచని బాహ్యచర్మం, దాని కింద నెత్తురు నాళాలూ నరాల కొనలూ ఉండే దట్టమైన అంతశ్చర్మం ఉంటాయి. పై పొర మాత్రమే గీసుకుపోతే మచ్చ లేకుండా మానుతుంది గాని, లోపలి పొర తెగితే శరీరం మొదట నెత్తురు గడ్డకట్టించి, తర్వాత తెల్లరక్తకణాలతో మలినాన్ని తొలగించి, ఆ పైన కొల్లాజెన్ అనే పీచు పదార్థంతో ఖాళీని పూడుస్తుంది. చుట్టూ కొద్దిపాటి వాపు, ఎరుపు తొలి రెండు మూడు రోజుల్లో సహజమే. అవి తగ్గక పెరుగుతూ పోవడం, చీము, జ్వరం మాత్రం సూక్ష్మజీవులు చేరాయనడానికి గుర్తులు.

ఉలి గాటు పొడవు చిన్నదే అయినా లోతు మోసం చేస్తుంది. అందుకే మత్తు సూది వేయకముందే వైద్యుడు వేలి కొనను తాకి స్పర్శ తెలుస్తోందా అని అడుగుతాడు, వేలి పై కణుపును విడిగా వంచమంటాడు. స్పర్శ లేకపోతే నరం, వంగకపోతే కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు తెగిందని అనుమానించాలి. ఈ పరీక్ష జరగకుండా పైచర్మం కుట్టేస్తే గాయం చక్కగా మానుతుంది, వేలు మాత్రం పనికి రాకుండా పోతుంది. చేతి నేర్పే జీవనాధారమైన శిల్పికి ఇంతకు మించిన నష్టం లేదు.

తర్వాతి పని కడగడం. రాతిపొడి, మట్టి, గడ్డిపరకలు పోయేదాకా సెలైన్‌తో గాని శుభ్రమైన కుళాయి నీటితో గాని ధారగా కడిగి, నలిగి చచ్చిపోయిన కణజాలాన్ని కత్తిరించి తీసేస్తారు. చచ్చిన కణజాలానికి నెత్తురు అందదు కాబట్టి అక్కడికి మందూ చేరదు, సూక్ష్మజీవులకు అదే ఆహారమవుతుంది. శుభ్రమైన గాటును వెంటనే కుట్టవచ్చు గాని, బురద గాయాన్ని నాలుగైదు రోజులు తెరిచి ఉంచి, చీము లేదని తేలాక కుట్టడమే మేలు. గాయం కుట్టకుండా పంపారంటే నిర్లక్ష్యం చేశారని బంధువులు బాధపడుతుంటారు, అది చాలాసార్లు ఆలోచించి చేసిన వైద్యమే. కుక్కకాటు గాయాన్నీ 15 నిమిషాలు సబ్బుతో కడిగి, టీకా వేసి, వీలైనంతవరకు కుట్టకుండానే ఉంచుతారు. చర్మమే ఊడిపోయినచోట తొడ నుంచి పలుచని పొర తీసి అతికిస్తారు. కింద నెత్తురు పారే కణజాలం ఉంటేనే అది పట్టుకుంటుంది.

పసుపు, కాఫీపొడి, సున్నం అద్దడం మంచి మనసుతో చేసే పనే అయినా, ఆ పొడినంతా ఆసుపత్రిలో మళ్లీ కడిగి తీయాల్సి వస్తుంది. ఇంటి దగ్గర చేయాల్సింది నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచడమే. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి కనుక, మురికి గాయమై చివరి టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మరో మోతాదు అవసరం.

ముఖం మీది కుట్లు ఐదు రోజులకు, చేతి కుట్లు 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అప్పటికి ఆ చోట చర్మానికి పాత బలంలో కొద్ది భాగమే వచ్చి ఉంటుంది, ఏడాది గడిచినా సుమారు 80 శాతాన్ని మించదు. కాబట్టి కుట్లు తీసిన మర్నాడే సుత్తి పట్టకుండా శిల్పి ఇంకొన్ని వారాలు ఆగవలసి ఉంటుంది.