బుడగ ఎందుకు పేలలేదు?

విజయనగరం వాళ్లకి పండగ అంటే సిరిమానోత్సవమే. దసరా అయ్యాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ సందడిలో చిన్నప్పటి నుంచీ నాకు ఇష్టమైనది మాత్రం బుడగలు పేల్చే తుపాకీ కొట్టు.

పోయిన ఏడాది చెల్లిని తీసుకెళ్లి పది గుళ్లు కొట్టాను. పేలినవి మూడు. "ఈ గొట్టం వంకర" అని అందరి ముందూ గట్టిగానే అనేశాను. కొట్టు పెద్దాయన కోప్పడలేదు. "తుపాకీకి ఏటవ్వలేదు బాబూ. బుడగ ఊగతంది, సూసి కొట్టు" అన్నారు. నేను తగ్గలేదు. "అయితే గాలే గుండుని పక్కకి తోసేస్తోంది, అది ఫిజిక్స్" అన్నాను. ఇంటికొచ్చాక డౌటొచ్చింది, నేను చెప్పింది నిజమేనా అని.

ముందు తుపాకీ సంగతి. కొట్టులో ఉండేది గొట్టాన్ని మధ్యకి విరిచి గుండు పెట్టే రకం. విరిచినప్పుడు లోపల స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలి నలిగి 4.5 మిల్లీమీటర్ల సీసం గుండుని బయటికి తోస్తుంది. దీని చుట్టం లాంటిది ఎయిర్‌సాఫ్ట్ గన్. అందులో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీలు వాడతారు, తేలికవి 0.2 గ్రాములే. వాటిలో స్ప్రింగ్‌తో, బ్యాటరీతో, గ్యాస్‌తో పనిచేసేవి ఉంటాయి.

వేడి, చలి ఎక్కువ తేడా చూపించేది గ్యాస్ రకంలోనే. ప్రొపేన్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది, దాని ఒత్తిడి ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 11 బార్లు, 10 డిగ్రీల దగ్గర ఆరు పైచిలుకు. అంటే మన ఊళ్లో మధ్యాహ్నం దూసుకెళ్లే గన్, డిసెంబర్‌లో అరకు తీసుకెళ్తే తెల్లవారుజామున నీరసపడుతుంది. వరసగా కాల్చినా అంతే. ద్రవం ఆవిరవుతూ సిలిండర్‌ని తనే చల్లబరుస్తుంది. స్ప్రింగ్ రకానికి ఈ గొడవ తక్కువ. చలికి గ్రీజు చిక్కబడటం, రబ్బరు గట్టిపడటం, అంతే.

ఉక్కపోత గురించి అందరూ తప్పుగా అనుకుంటాం. తడి గాలి బరువు అనుకుంటాం కానీ, నీటి అణువు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కంటే తేలిక. అందుకే తడి గాలే కాస్త పల్చన. 30 డిగ్రీల దగ్గర ఆ తేడా రెండు శాతం కూడా ఉండదు. తేమ వల్ల అసలు నష్టం తుప్పు.

ఇక గాలి. పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. 0.2 గ్రాముల గోళీ సెకనుకి 90 మీటర్ల వేగంతో బయల్దేరి 20 మీటర్లు వెళ్తుంది, పక్క నుంచి సెకనుకి 3 మీటర్ల గాలి వీస్తోంది అనుకుంటే, సుమారు 30 సెంటీమీటర్లు పక్కకి జరిగింది. అంటే ఒక అడుగు! "చూశావా" అని చెల్లికి చూపించబోయాను.

కానీ కొట్టులో బుడగ ఉన్నది మూడు మీటర్ల దూరంలో, గుండు బరువు అర గ్రాము. ఆ లెక్కలు పెట్టి మళ్లీ రన్ చేశాను. జరిగింది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. బుడగ వెడల్పు ముందు అదేం లెక్క? అంత దగ్గర్లో గాలి గుండుని ఏమీ చేయలేదు, అది ఊపింది బుడగని. పెద్దాయన ఒక్క ముక్కలో చెప్పింది నాకు నలభై లైన్ల కోడ్ రాస్తే గానీ ఎక్కలేదు. కోడ్‌లో తప్పు మనం చేసి కంపైలర్‌ని తిట్టినట్టే నేను చేసింది.

ఒక్క మాట: ఎయిర్‌సాఫ్ట్ ఆడితే కళ్లద్దాలు తప్పనిసరి. అడుగు గురి తప్పిన గోళీ ఎవరి కంటికి తగులుతుందో తెలీదు.

ఈ దసరాకి ఆ కొట్టు మళ్లీ వస్తే ముందు సారీ చెప్తాను. తర్వాత బుడగ ఊగడం చూసి కొడతాను.