అమ్మడానికి ఏమీ లేని సలహా

రసాయన సేద్యానికి సలహాదారుల కొరత లేదు. ఆకు మీద మచ్చ కనబడితే చాలు, ఏ మందు ఎంత కలపాలో పురుగుమందుల దుకాణంలోనే చెబుతారు, అవసరమైతే అరువూ ఇస్తారు. ఆ సలహా ఖరీదు సరుకు ధరలోనే కలిసి ఉంటుంది. సుస్థిర సేద్యంలో వాడే వేపగింజల కషాయం, జీవామృతం రైతు ఇంటి దగ్గరే తయారవుతాయి. అమ్మేవాడు లేడు కాబట్టి చెప్పేవాడూ కరవే. రైతులు ఈ దారికి రాకపోవడాన్ని మొండితనమనో భయమనో అనుకుంటాం కానీ, పెద్ద లోటు ఈ చెప్పేవాడు లేకపోవడమే.

2003 నాటి జాతీయ నమూనా సర్వేలో కొత్త సాగు పద్ధతుల సమాచారం ఏదో ఒక మార్గంలో అందుతున్న రైతు కుటుంబాలు 40 శాతమేనని తేలింది. విస్తరణ సిబ్బంది ద్వారా 5.7 శాతానికి, దుకాణదారుల ద్వారా 13.1 శాతానికి, అభ్యుదయ రైతుల ద్వారా 16.7 శాతానికి అందింది. అంటే రైతు ఎక్కువగా వినేది సాటి రైతు మాటే. ఖమ్మం ప్రాంతంలోని పునుకుల పత్తి రైతులు 2000ల తొలినాళ్లలోనే వేపకషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో పురుగుమందులను వదిలించుకోగలిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి సేద్యం కూడా అనుభవమున్న రైతులనే శిక్షకులుగా, మహిళా సంఘాలనే వేదికగా చేసుకుంది.

ఫోన్లు, వీడియోలు ఉండగా మనిషెందుకని అడగవచ్చు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు అని జీవామృతం పాళ్లు వీడియో చెబుతుంది. కానీ ఆకు తిరగేసి, చీడలను తినే అక్షింతల పురుగులు ఎన్నున్నాయో చూసి, కషాయం కొట్టాలా ఆగాలా అన్నది చేలో నిలబడి తేల్చాలి. దిగుబడి పడిపోతుందన్న భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, వరి, తేయాకు దెబ్బతినడంతో అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. నేర్పకుండా మాన్పించడమే అక్కడి పెద్ద తప్పు. సాటి రైతుకు శాస్త్రం తెలియదనే వాదనలో కొంత నిజముంది. అందుకే భూసార పరీక్షలు, తెగుళ్ల నిర్ధారణ శాస్త్రవేత్తల చేతిలోనే ఉండాలి. ఆ ఫలితాన్ని చేనుదాకా మోసుకెళ్లడం రైతు శిక్షకుల పని.

ఈ పనికి జీతం కావాలి. 2024లో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్‌కు రాష్ట్రాల వాటాతో కలిపి 2,481 కోట్ల రూపాయలు కేటాయించారు. రసాయన ఎరువుల రాయితీకి ఏటా లక్ష కోట్లకు పైగా ఖర్చవుతోంది. బస్తాకు దొరుకుతున్న ప్రజాధనంలో కొంతైనా సలహా చెప్పే మనిషికి దక్కాలి, అదీ ఒక్క సీజనుకు కాదు. నేల కోలుకునే వరకూ, అంటే మూడు నాలుగేళ్లపాటు, అదే శిక్షకుడు అదే ఊళ్లో అందుబాటులో ఉంటేనే రైతు ఈ మార్పుకు ధైర్యం చేస్తాడు.